‘వీజింగ్’ – జబ్బు పేరు కాదు, శబ్దం పేరు

మన ఇళ్లలో స్థిరపడిన ఇంగ్లీషు వైద్యపదాలలో ‘వీజింగ్’ ఒకటి. బి.పి., షుగరు, గ్యాస్ అనే మాటల సరసన ఇది కూడా చేరినది. విశాఖపట్టణంలో నా వైద్యశాలకు వచ్చే తల్లులను బిడ్డకు ఏమి బాధ అని అడిగితే చాలామంది ‘దగ్గు’ అని గాని, ‘ఆయాసం’ అని గాని చెప్పరు. ‘వీజింగండి’ అంటారు. ఆ ఒక్క మాటతో రోగం పేరు, దాని కారణం, దానికి మందు, అన్నీ తేలిపోయినట్లే భావిస్తారు. పెద్దపిల్లవాడికి నిరుడు వ్రాసి ఇచ్చిన సిరప్ చిన్నవాడికి పోస్తారు. పక్కింటివారి నెబ్యులైజర్ తెచ్చి పెడతారు. లేదా అల్లంరసం, తేనె ఇచ్చి నాలుగు రోజులు చూద్దామనుకుంటారు.

నిజానికి వీజింగ్ జబ్బు కాదు, ఒక శబ్దం. జ్వరం వచ్చినదనగానే అది మలేరియా జ్వరమా, టైఫాయిడ్ జ్వరమా అని విచారిస్తాము గదా! అదే విధంగా వీజింగ్ వినబడినప్పుడు అది దేనివలన పుట్టినదని విచారించవలెను. ఆ విచారణ లేకుండా శబ్దానికే మందు వేయడం వలన కొన్నిసార్లు కాలహరణం జరుగుతుంది, కొన్నిసార్లు ప్రాణహాని కూడా కలుగవచ్చును. కనుక ఈ మాట అర్థమేమిటో, దానిని ఎక్కడ వాడవలెనో, ఎక్కడ వాడకూడదో కొంచెం వివరంగా తెలుసుకొందాము.

మాట పుట్టుక

‘వీజ్’ అనే ఇంగ్లీషు క్రియకు ఈలవంటి శబ్దంతో కష్టంగా ఊపిరి తీయడమని అర్థం. ఇది ఉత్తర ఐరోపాలోని ప్రాచీన నార్స్ భాషలో ‘బుసకొట్టడం’ అనే అర్థం గల పదం నుండి ఇంగ్లీషులోనికి వచ్చి ఉండవచ్చునని నిఘంటుకారులు చెబుతారు. ఇంకా వెనుకకు పోతే, ఈ పదానికీ మన సంస్కృతంలోని ‘శ్వసితి’ అనే క్రియకూ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. అంటే ‘శ్వాస’, ‘వీజ్’ అనే రెండు మాటలూ ఒకే ఇంటి ఆడపడుచులు. ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు వెళ్లి, వేల సంవత్సరాల తరువాత విశాఖలో ఒకే మందుచీటీ మీద కలుసుకొన్నారన్నమాట!

బ్రిటన్‌లో ఈ పదానికి పాత హాస్యోక్తి అనీ, చమత్కారమైన ఉపాయమనీ వాడుకభాషలో మరొక అర్థం కూడా ఉన్నది. అది నాటకాలవారి మాటగా పందొమ్మిదవ శతాబ్దంలో మొదలైనది. వైద్యంతో దానికి సంబంధం లేదు.

ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి కూడా ఈ మాట అర్థం తేటతెల్లంగా ఉన్నదని అనుకోనక్కరలేదు. 2000 సంవత్సరంలో లండన్ పిల్లల వైద్యులు ప్రకటించిన ఒక పరిశీలనలో, తల్లిదండ్రులు ‘వీజ్’ ఉన్నదని చెప్పినదీ, వైద్యులు పరీక్షించి చెప్పినదీ సగం మంది పిల్లల విషయంలో కూడా ఏకీభవించలేదు. కొందరు తల్లులు ముక్కులోని గురగురను, కొందరు గొంతులోని గరగరను, మరికొందరు బిడ్డ డొక్కలు ఎగరడాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచారు. అంతకు ముందే, 1991లో మొదలైన పిల్లల ఉబ్బసంపై అంతర్జాతీయ అధ్యయనానికి ఇదే చిక్కు ఎదురైనది. ‘వీజ్’కు సరిసమానమైన పదం చాలా భాషలలో లేదు. అందుచేత ఆ శాస్త్రజ్ఞులు కాగితం మీది ప్రశ్నలతోపాటు ఆయాసపడుతున్నవారి వీడియో దృశ్యాలు చూపి, ‘నీకు ఎప్పుడైనా ఊపిరి ఇలా ఆడినదా?’ అని పిల్లలను అడిగే పద్ధతి కూడా పెట్టుకొన్నారు.

మన తెలుగు మాటలు

ఈ విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. మనకు సరిగ్గా సరిపోయే మాట ఉన్నది: ‘పిల్లికూతలు’. ఛాతీలో పిల్లిపిల్ల సన్నగా కూస్తున్నట్లు వినవచ్చే ధ్వనికి మన పెద్దలు పెట్టిన పేరు అది. ఏ నిఘంటువూ చూడకుండా, చెవితో విని పెట్టిన పేరు. అంతటితో ఆగక, ఊపిరికి సంబంధించిన ఒక్కొక్క తీరుకు ఒక్కొక్క మాట మనకు ఉన్నది. నిద్రలో ముక్కు, గొంతుల నుండి వచ్చేది గురక. గొంతులో కఫం ఆడుతుంటే వినబడేది గరగర. పరుగెత్తి వచ్చినవాడిది రొప్పు లేక ఒగర్పు. ఊపిరి అందని బాధ ఆయాసం. ఆ ఆయాసం పిల్లికూతలతో కలిసి, తెరలు తెరలుగా వచ్చిపోతుంటే ఉబ్బసం. పసిబిడ్డ గాలి కోసం పక్కటెముకల క్రింద గుంటలు పడేటట్లు పెనుగులాడితే డొక్కలు ఎగరవేయడం.

ఇన్ని మాటలు ఉండగా అన్నింటికీ కలిపి ‘వీజింగ్’ అని ఒక్క మాట వాడడం వలన మనకు నష్టమే జరిగినది. మా గురువుగారింట ఉండి చదువుకొనే రోజులలో, రోగిని చూచి వచ్చిన తరువాత ‘ఆయాసం’ అని చెబితే ఆయన ఊరుకొనేవారు కారు. ‘ఎప్పుడు? లోపలికి పీల్చేటప్పుడా, బయటికి విడిచేటప్పుడా? పడుకొంటేనా, కూర్చొంటేనా?’ అని వరుసగా ప్రశ్నించేవారు. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే త్రివిధ పరీక్షలో మూడవదానికి ఆయన అంతటి విలువ ఇచ్చేవారు.

ఆయుర్వేదం ఏమి చెప్పినది?

చరకసంహిత చికిత్సాస్థానంలో పదిహేడవ అధ్యాయం హిక్కాశ్వాసములకు సంబంధించినది. అక్కడ శ్వాసరోగం ఐదు విధాలుగా చెప్పబడినది: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. మొదటి మూడూ ప్రాణాంతకములు. చివరిదైన క్షుద్రశ్వాస శ్రమ వలన, అధికాహారం వలన కలిగి దానంతటదే శమించేది. ఈనాడు మనం ఉబ్బసమనే వ్యాధికి చాలావరకు సరిపోయేది తమకశ్వాస.

ఈ తమకశ్వాస లక్షణాలలో ‘ఘుర్ఘురకం’ అనే పదం ఉన్నది. పలికి చూడండి, ఆ పదమే శబ్దం చేస్తుంది! కాని చరకుడు ఆ శబ్దాన్ని రోగమని చెప్పలేదు. జలుబు, దగ్గు, కఫం తెగక బాధ, కఫం తెగితే కొంతసేపు ఉపశమనం, పడుకొంటే ఆయాసం పెరగడం, కూర్చొంటే సుఖం, వేడి పదార్థాలపై కోరిక, ఇలా అనేక లక్షణాల వరుసలో ఒకటిగా మాత్రమే చెప్పినాడు. మబ్బు పట్టినప్పుడు, వాన కురిసినప్పుడు, చలిలో, తూర్పుగాలి వీచినప్పుడు ఈ వ్యాధి పెరుగుతుందని కూడా చెప్పినాడు. సముద్రం ఒడ్డున ఉండే మనకు ఆ తేమగాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కారణాలు చెప్పేటప్పుడు ధూళి, పొగ, గాలి, చల్లని ప్రదేశం, చల్లని నీరు మొదలైనవి పేర్కొనబడినవి. మినుములు, పెరుగు, పిండివంటలు, జీర్ణం కాని గురుపదార్థాలు కూడా ఆ జాబితాలో ఉన్నవి. తమకశ్వాస క్రొత్తగా వచ్చినప్పుడు సాధ్యమనీ, పాతబడితే యాప్యమనీ నిర్ణయించినారు. యాప్యమంటే పూర్తిగా పోకపోయినా, పథ్యంతో మందుతో అదుపులో ఉంచదగినదని అర్థం. ఈనాటి ఊపిరితిత్తుల నిపుణులు ఉబ్బసం గురించి చెప్పేది కూడా ఇదే.

ఆ శబ్దం ఎలా పుడుతుంది?

సన్నాయి వాయించేవారిని చూచి ఉంటారు. సన్నాయి కొనకు చిన్న పీక ఉంటుంది. ఆ సన్నని సందులో నుండి గాలి వేగంగా పోయేటప్పుడు పీక రేకులు అదిరి నాదం పుడుతుంది. మన ఊపిరితిత్తులలోని గాలిగొట్టాలు వాచి, వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగిసి, లోపల కఫం చేరినప్పుడు అవి కూడా అలాగే సన్నబడతాయి. గాలి పోయేటప్పుడు వాటి గోడలు అదురుతాయి. ఆ అదురే పిల్లికూత.

ఊపిరి పీల్చేటప్పుడు రొమ్ము విచ్చుకొని గొట్టాలు కొంత వెడల్పు అవుతాయి. విడిచేటప్పుడు ఇరుకవుతాయి. అందుకే పిల్లికూతలు ప్రధానంగా ఊపిరి విడిచేటప్పుడు వినబడతాయి. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలి నడకకు అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. పసిపిల్లల గొట్టాలు అసలే సన్నవి కనుక కొద్దిపాటి వాపుకే వారికి కూతలు వస్తాయి. అయిదేళ్లలోపు పిల్లలలో జలుబు చేసినప్పుడల్లా కూతలు వచ్చి, పెరిగిన కొద్దీ మానిపోయేవారు చాలామంది ఉన్నారు. అట్టివారందరికీ ఉబ్బసమని ముద్ర వేయరాదు.

1816లో పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు కాగితం చుట్టి గొట్టంగా చేసి రోగి గుండెపై ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టినది. ఛాతీలోని శబ్దాలకు పేర్లు పెట్టినవాడు కూడా ఆయనే. అయితే ఆయన ఎంచుకొన్న ఫ్రెంచి మాటకు మరణకాలపు గురక అనే అర్థం కూడా జనంలో ఉండేది. రోగి విని భయపడకుండా మంచం వద్ద దానికి బదులు లాటిన్ పదం వాడేవాడు. ఒక్క మాట రోగి మనసుపై ఎంత పని చేస్తుందో ఆయనకు తెలుసు.

వీజింగ్ అని పొరబడే శబ్దాలు

ఇంటిలోని పెద్దలు ఈ క్రింది భేదాలు గుర్తుంచుకొంటే చాలు.

1. గురగుర: ముక్కు దిబ్బడ వలన వచ్చేది. ముక్కు శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. పసిబిడ్డలలో సామాన్యం.

2. గరగర: గొంతులో కఫం కదలడం వలన వచ్చేది. వీపుపై చేయి వేస్తే అదురు తెలుస్తుంది. దగ్గితే మారిపోతుంది.

3. లోపలికి పీల్చేటప్పుడు వచ్చే బిగ్గర శబ్దం: ఇది ఛాతీది కాదు, గొంతుది. స్వరపేటిక వాచినా, ఏదైనా అడ్డుపడినా వస్తుంది. కుక్క మొరిగినట్లు దగ్గు తోడైతే మరింత జాగ్రత్త. ఇది ఇంటివైద్యానికి లొంగేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

4. అకస్మాత్తుగా, ఒక్క పక్కనే వినబడే కూత: గాలిగొట్టంలో ఏదైనా వస్తువు ఇరుక్కొన్నదేమోనని అనుమానించవలెను.

5. పెద్దలలో అర్ధరాత్రి నిద్రలేపే ఆయాసం, కూతలు: కాళ్ల వాపు, మెట్లెక్కితే అలసట కూడా ఉంటే అది ఉబ్బసం కాక గుండె బలహీనత కావచ్చును. శబ్దం ఒకటే, మందు వేరు.

6. ఏళ్ల తరబడి పొగత్రాగినవారికి, కట్టెలపొయ్యి పొగలో వంట చేసిన స్త్రీలకు వచ్చే కూతలు: ఇది తెరలుగా వచ్చిపోయే ఉబ్బసం కాదు, క్రమంగా పెరిగే ఊపిరితిత్తుల క్షీణత. ఊపిరి ఊదించి చేసే పరీక్షతో తేలుతుంది.

నాలుగవ అంశానికి నేను చూచిన ఒక ఉదాహరణ చెబుతాను. పాతనగరం నుండి ఒక నాయనమ్మగారు రెండేళ్ల మనవడిని తీసుకొని వచ్చినారు. ‘పది రోజులై వీజింగండి, బాబూ. వీడి అన్నయ్యకు ఇచ్చిన సిరప్పే పోస్తున్నాం. తగ్గినట్టే ఉంటాది, మళ్లీ మామూలే’ అన్నారు. బిడ్డకు జ్వరం లేదు, జలుబు లేదు. చెవి ఆనించి వింటే కుడిపక్కన మాత్రమే కూత. ఎడమపక్క నిర్మలంగా ఉన్నది. ‘అమ్మా, ఇది ఏ రోజున, ఏ వేళకు మొదలైనది?’ అని అడిగినాను. ఆమె కొంతసేపు ఆలోచించి, ‘వేరుసెనగపప్పు తింటూ అన్నయ్యతో నవ్వులాడినాడండి. పొలమారినాది. అప్పటి నుంచే’ అన్నారు. చూర్ణమూ లేదు, కషాయమూ లేదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ వ్రాసి పంపినాను. అక్కడ గొట్టం వేసి పలుకు ముక్కను తీసినారు. బిడ్డ మూడవనాటికి ఇంటికి వచ్చినాడు. ఆ కుటుంబంలో ప్రేమకు లోటు లేదు, శ్రద్ధకు లోటు లేదు. ‘వీజింగ్’ అనే పేరు దొరకగానే ప్రశ్న ఆగిపోయినది, అంతే. నాలుగేళ్లలోపు పిల్లలకు విడి పలుకులు పెట్టరాదని ఈ సందర్భంగా మనవి.

మన విశాఖ, మన గాలి

విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైనది. వీటి వలన వేల కుటుంబాలకు అన్నం దొరికినది. ఆ మాట మరువరాదు. కాని ఊరు కొండల మధ్య గిన్నెలో కూర్చున్నట్లు ఉన్నది. చలికాలపు ఉదయాలలో పొగ, ధూళి పైకి పోక ఆ గిన్నెలోనే నిలుస్తాయి. రేవులో బొగ్గు, ఇనుపఖనిజం, ఎరువులు మొదలైనవి దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. నైరుతి గాలి వీచినప్పుడు ఆ ధూళి పాతనగరం వైపు వస్తుంది. ప్రొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి నల్లబడడం ఆ ప్రాంతపు గృహిణులకు అనుభవమే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కకట్టినప్పుడు దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖపట్టణం చేరినది.

రేవుపట్టణాల విషయంలో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరం ఒక గొప్ప పాఠం నేర్పినది. అక్కడ 1981 నుండి 1987 వరకు కొన్ని కొన్ని రోజులలో ఒక్కసారిగా ఊరంతా ఉబ్బసరోగులు ఆసుపత్రులకు పరుగెత్తేవారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఆ రోజులను రేవు లెక్కలతో సరిపోల్చి చూస్తే, అవి ఓడల నుండి సోయాచిక్కుడు గింజలు దించిన రోజులని తేలినది. గింజలు నిలువచేసే గాదెకు ధూళిని ఆపే వడపోత లేదు. వడపోత అమర్చగానే ఆ ఉపద్రవం ఆగిపోయినది. రోగులకు మందులు ఎన్ని ఇచ్చినా ఆగనిది, ధూళిని అడ్డుకొంటే ఆగినది. ‘నిదానపరివర్జనం’, అంటే కారణాన్ని తొలగించడమే ప్రథమచికిత్స అని మన శాస్త్రం చెప్పినది ఇందుకే.

కనుక మీ బిడ్డకు గాని, పెద్దవారికి గాని కూతలు ఏ రోజున వచ్చినవో క్యాలెండరుపై ఒక గుర్తు పెట్టండి. ఆ రోజు గాలి ఎటునుండి వీచినది, ఇంటిలో ఏమి వండినారు, ఏ పొగ పెట్టినారు, ఏ పనికి వెళ్లినారు అని ప్రక్కన వ్రాయండి. రెండు మూడు నెలలలో ఆ కాగితమే మీకు కారణం చెబుతుంది. రేవులో, కర్మాగారంలో పనిచేసేవారికి సెలవురోజులలో ఆయాసం తగ్గి, పనిలోనికి పోగానే పెరుగుతుంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇంటిలో చేయదగినవి

• పొడిచీపురుతో ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడవండి. గాలి ఎక్కువగా ఉన్న వేళ రేవు వైపు కిటికీలు మూసి ఉంచండి. దుప్పట్లు, దిండుగలేబులు వారానికొకసారి వేడినీటిలో ఉతికి ఎండవేయండి.

• కూతలు వచ్చే మనిషి ఉన్న ఇంటిలో దోమలచుట్టలు, ఘాటైన అగరువత్తులు, సాంబ్రాణి పొగ వద్దు. దేవునికి దీపం చాలును. భోగిమంట, దీపావళి బాణసంచా పొగకు వారిని దూరంగా ఉంచండి.

• రాత్రి భోజనం ప్రొద్దు ఉండగానే, తేలికగా చేయవలెను. రాత్రిపూట పెరుగు, ఐస్‌క్రీం, ఫ్రిజ్ నీరు, మినపపిండి వంటలు మానవలెను. పాతబియ్యపు అన్నం, గోధుమరొట్టె, ఉలవకట్టు హితమైనవి. త్రాగుటకు గోరువెచ్చని నీరు మంచిది. మలబద్ధకం లేకుండా చూచుకొనవలెను.

• నువ్వులనూనెలో కొద్దిగా సైంధవలవణం వేసి గోరువెచ్చగా చేసి ఛాతీకి, వీపుకు మృదువుగా రాచి, వేడిగుడ్డతో కాపడం పెడితే బిగిసిన కఫం వదులవుతుంది. జ్వరం ఉన్నప్పుడు ఇది వద్దు.

• పెద్దవారికి తాళీసాది చూర్ణం గాని, సితోపలాది చూర్ణం గాని పూటకు రెండు గ్రాముల చొప్పున తేనెతో రెండు పూటలా ఇవ్వవచ్చును. మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని అడగవలెను. అడ్డసరం ఆకు కషాయం కఫాన్ని పలుచన చేస్తుంది. ఆధునికులు కఫం కరగడానికి ఇచ్చే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు, అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారంగా చేసుకొని రూపొందించినదే. గర్భవతులు అడ్డసరం వాడరాదు.

ఇవన్నీ నిదానంగా పనిచేసేవి. ఆయాసం రాని రోజులలో వ్యాధిని అదుపులో ఉంచుటకు ఉపకరిస్తాయి. పట్టుబడిన ఊపిరిని అప్పటికప్పుడు విడిపించేవి కావు.

చేయకూడనివి

ఏడాదిలోపు బిడ్డలకు తేనె నాకించరాదు. చిన్నపిల్లలకు కర్పూరం రాయడం, పీల్పించడం ప్రమాదం. దానివలన ఫిట్స్ రావచ్చును. మరిగే నీటిగిన్నె ఎదుట పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టరాదు.

ఉమ్మెత్త ఆకు పొగ ఉబ్బసానికి పూర్వకాలంలో ప్రసిద్ధి. మద్రాసులోని ఇంగ్లీషు వైద్యుల ద్వారానే ఆ చికిత్స 1802లో ఇంగ్లండుకు చేరినది. దాని సారాన్ని శోధించిన మార్గంలోనే ఈనాటి ఇప్రాట్రోపియం అనే పీల్చే మందు తయారైనది. కాని ఉమ్మెత్త విషం. పాలు ఎంత, మోతాదు ఎంత అన్నది ఇంటిలో తూచగలిగినది కాదు. ఎవరూ స్వయంగా ప్రయత్నించరాదు.

పేరు, అందులోని దినుసులు చెప్పకుండా ఇచ్చే ‘ఆయాసం పొడి’ని నమ్మకండి. ఒక్క మోతాదుకే అద్భుతంగా తగ్గినదంటే సంతోషించుటకు ముందు సందేహించండి. అట్టి పొడులలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం జరుగుతున్నది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు పెళుసుబారడం, చక్కెర పెరగడం జరుగుతాయి. హఠాత్తుగా మానితే మరొక ప్రమాదం.

ఆయుర్వేదవైద్యుడనై ఉండి ఈ మాట చెబుతున్నందుకు కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును: వైద్యుడు వ్రాసిన ఇన్‌హేలరును మా మందు మొదలుపెట్టినామని మానవద్దు. ‘పీల్చేమందు అలవాటైపోతుంది’ అనే భయం నిరాధారం. మందు నేరుగా గొట్టాలకే చేరుతుంది కనుక చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. మా చికిత్సతో బలం చేకూరినప్పుడు, దానిని తగ్గించే నిర్ణయం వ్రాసిన వైద్యుడే చేయవలెను.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన లక్షణాలు

• ఒక్క వాక్యం పూర్తిగా చెప్పలేనంత ఆయాసం. పసిబిడ్డ అయితే పాలు త్రాగలేకపోవడం.

• పెదవులు, గోళ్లు నీలంగా మారడం. మగత, అయోమయం.

• డొక్కలు, మెడగుంట లోపలికి పోవడం, ముక్కుపుటాలు ఎగరడం.

• బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూచి పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50, ఏడాది నుండి అయిదేళ్లలోపు 40, ఆ సంఖ్యకు చేరినా మించినా అది వేగశ్వాస. న్యుమోనియా కావచ్చును.

• ఏదైనా వాయువు పీల్చిన తరువాత వచ్చిన ఆయాసం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన సంగతి మనం మరువలేము. అట్టి సమయంలో ఏ కషాయమూ కాచుకొంటూ కూర్చొనరాదు. ముందు ఆ గాలి నుండి దూరంగా పోవలెను, తరువాత ఆసుపత్రికి.

• అన్నింటికంటె ముఖ్యమైనది: అప్పటివరకు గట్టిగా వినబడుతున్న కూతలు ఒక్కసారిగా ఆగిపోయి, మనిషి మాత్రం ఇంకా పెనుగులాడుతుంటే ‘తగ్గిపోయినది’ అని సంతోషించకండి. సన్నాయి మ్రోగాలంటే గాలి కావలెను. కూత పుట్టేపాటి గాలి కూడా గొట్టాలలో ఆడడం లేదని దాని అర్థం. ఆ నిశ్శబ్దం శబ్దం కంటె భయంకరమైనది. క్షణం ఆలస్యం చేయరాదు.

చివరిగా ఒక మనవి. ‘వీజింగ్’ అనే మాటను మానివేయమని నేను అనడం లేదు. అది కూడా మన శ్వాసకు దూరపు బంధువే. కాని వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఆ మాటతో ఆగవద్దు. ఏ వేళకు వచ్చినది, పీల్చేటప్పుడా విడిచేటప్పుడా, జలుబుతో వచ్చినదా ఊరికే వచ్చినదా, పడుకొంటే పెరిగినదా, తినేటప్పుడు పొలమారినదా, ఈ అయిదూ చెప్పండి. ఆ అయిదు జవాబులు వైద్యుని చేతిలో ఏ మందుకంటెను ముందుగా పనిచేస్తాయి.